ఉమ్లలాజి కొండల్లో ఆడపడుచు

సిద్ధగోరా

నేను యాత్రలు చేసే మనిషిని కాను. జంషెడ్‌పూర్‌లో తెలుగు బడిలో పాఠాలు చెబుతూనే వయసు గడిచిపోయింది. సెలవులొస్తే శ్రీకాకుళం, లేదంటే పూరీ, అంతే. తర్వాత మా ఆయన మంచాన పడ్డారు. ఆయన పోయి రెండేళ్లయినా నా ఒళ్లు ఇంకా ఆసుపత్రి వరండా బల్ల మీదే కూర్చున్నట్టుంటుంది. నిద్ర లేచేసరికే అలసిపోయి ఉంటాను. అలాంటిదాన్ని దక్షిణాఫ్రికా వెళ్లి వచ్చానంటే సిద్ధగోరాలో మా వీధివాళ్లు ఇంకా వింతగా చూస్తారు. సింహాల్ని చూశారా అని అడుగుతారు. నేను చూసింది ఆవుల్ని, మేకల్ని, మనుషుల్ని.

మేం ముగ్గురం. అదే ఊళ్లో, కద్మాలో ఉండే అప్పలరాజు మా అన్నయ్య. తర్వాత నేను, వరహాలమ్మను. ఇంట్లో అందరికీ వరాలును. చివరివాడు సూర్యం. అమ్మ తొందరగా పోవడంతో వాడు నా చంకలోనే పెరిగాడు. ఫిట్టరు పని నేర్చుకున్నాడు. కొన్నేళ్ల కిందట ఓ కాంట్రాక్టరు వెంట, డర్బన్‌కి ఉత్తరాన ఉన్న ఒక చక్కెర మిల్లులో మరమ్మతు పనికి వెళ్లాడు. తోటివాళ్లంతా తిరిగొచ్చారు, వీడు రాలేదు. అక్కడే గేట్లు, ట్రాక్టరు ట్రాలీలు వెల్డింగ్ చేసుకుంటూ ఉండిపోయాడు. ఎవరో ఆమెతో ఉంటున్నాడని తోటివాళ్లు చెబితే విన్నాం. కిందటేడు ఒక షెడ్డు కప్పు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాత ఫోన్లు తగ్గిపోయాయి.

ఏప్రిల్లో ఒకరోజు ఫోన్ చేశాడు. "అప్పా, నువ్వోపాలి రావే. పనుంది. ఫోన్లో చెప్పే పని కాదు. టికెట్టు నాను పంపుతాను." మా వైపు అక్కను అప్ప అంటాం.

సంగతి అన్నయ్యకి చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"మరేటి పనుంటాది? కాలిరిగిపోనాది, పని పోనాది, సిగ్గుపడి చెప్పట్లేదు. నువ్వెల్లి తీసుకొచ్చీ. ఆ మనిషెవత్తో ఉందంట కదా, ఆ మనిషి ఊసు నాకాడ ఎత్తకు. రానన్నాడా, ఇంక ఈ గడప తొక్కొద్దని చెప్పీ."

వెళ్లాలని నాకు లేదు. వెళ్లనని చెప్పేంత ఓపికా లేదు. వెళ్లాను.

డర్బన్

విమానాల సంగతి చెప్పను. అందులో నాకు గుర్తున్నది మోకాళ్ల నొప్పి ఒక్కటే. సూర్యం మర్నాడు పొద్దున్న వస్తానన్నాడు కాబట్టి డర్బన్‌లో ఒక రాత్రి ఉండాల్సి వచ్చింది. వాడు చూసిపెట్టిన గది ఒక మసాలా దుకాణం పైన ఉంది. దుకాణం నడిపే ఆవిడ పేరు ప్రేమ, ఇంటిపేరు నాయుడు. వాళ్ల ముత్తాతలు చెరకుతోటల్లో కూలికని ఓడ మీద వచ్చినవాళ్లు. ఆవిడకి తెలుగు రాదు. ఇంగ్లీషులోనే మాట్లాడింది.

తినడానికి సగం రొట్టె దిమ్మను గోతిలా తొలిచి, అందులో చిక్కుడుగింజల కూర పోసి ఇచ్చింది. ఘాటు మన కూర ఘాటే. తొలిచి తీసిన మెత్తటి ముక్కతో అద్దుకుని తినాలట. ధర అడిగి రూపాయల్లోకి మార్చి చూసుకుంటే మా ఊరి సాక్చీ బజారులో ఇద్దరు భోజనం చేయొచ్చు. ఆవిడ మాత్రం పుచ్చుకోలేదు.

నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, కాసేపటికి ఒక మాట అడిగింది.

"మా నాయనమ్మ పోయే ముందు ఒకటే మాట పదే పదే అంది. ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మీకు తెలుస్తుందేమో. తలుపు తియ్యి, తలుపు తియ్యి అని."

ఆ రెండు తెలుగు ముక్కలకీ ఇంగ్లీషులో అర్థం చెప్పాను. 

"దాహం వేస్తోందనుకున్నాం. నీళ్లు పోస్తూనే ఉన్నాం" అంది.

ఏదో ఓదార్పు చెప్పాలి. కానీ అప్పటికి నా కళ్లు మూతలు పడిపోతున్నాయి. ఆవిడే నా ప్లేటు తీసి, గది చూపించింది.

గింగిండ్లోవు దారి

పొద్దున్న సూర్యం వచ్చాడు. కర్ర పట్టుకుని, ఒకవైపు ఒరిగి నడుస్తున్నాడు. వాడు చిక్కిపోయి, మాసిన బట్టల్లో ఉంటాడనుకున్నాను. ఒళ్లు చేశాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. నా కాళ్లకి దణ్ణం పెట్టబోయి తుంటి వంగక సగంలో ఆగిపోయాడు.

"ఏటప్పా, ఇలగైపోనావు?" అన్నాడు. నేను వాణ్ణి అడగాలనుకున్న మాట అది.

ఉత్తరానికి వెళ్లే వ్యాను ఎక్కాం. అక్కడ దాన్ని టాక్సీ అంటారు, మన షేర్ ఆటోలాంటిదే. మనుషులు నిండితేనే కదులుతుంది. రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లు వేళ్లతో రకరకాల సైగలు చేస్తారు. ఏ సైగ చేస్తే ఏ ఊరు వెళ్లే బండి ఆగుతుందో అందరికీ తెలుసు. వెనక సీటువాళ్ల డబ్బులు చేతులు మారుతూ ముందుకెళ్లాయి, చిల్లర అలాగే వెనక్కి వచ్చింది. ఎక్కేవాళ్లు ప్రతి ఒక్కరూ లోపలున్న అందరికీ నమస్కారం చెప్పి మరీ కూర్చుంటున్నారు. "సావుబోనా" అంటారు. వాళ్ల భాషలో నిన్ను చూశాం అని దాని అర్థమట. సాక్చీ ఆటోలో పక్కవాడి మొహం చూసి ఎన్నాళ్లయిందో!

దారి పొడుగునా చెరకే. కొండలెక్కి, దిగి, సముద్రం దాకా చెరకు. గింగిండ్లోవు అనే చిన్న ఊళ్లో బండి మారాం. ఆ పేరుకి ఏనుగును మింగినవాడని అర్థమట. ఇప్పుడక్కడ రెండు వీధులు, ఎరువుల కొట్లు, దుప్పట్ల కొట్లు, పింఛను తీసుకోవడానికి వచ్చిన ముసలమ్మలు. ఆ ప్రాంతం మొత్తం ఉమ్లలాజి అనే మునిసిపాలిటీ. మునిసిపాలిటీ అంటే మా జంషెడ్‌పూర్ పక్క జుగ్సలాయి, మానగోల్లా ఇరుకు సందులు, మురిక్కాలవలు ఉంటాయనుకున్నాను. ఇక్కడ ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య ఒక లోయ ఉంటుంది. సగం నేల చెరకు కంపెనీలది, సగం తెగ పెద్దలది. ఆ పెద్దల తరపు మనిషి వచ్చి చూపించిన చోట ఇల్లు కట్టుకోవాలి. చాలా ఇళ్లకి నీళ్లు ట్యాంకరు మీదే. ఆ ఒక్క విషయంలో నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

కొండమీది ఇల్లు

వాడి ఇల్లు గట్టు మీద ఉంది. సిమెంటు ఇటుకల గదులు రెండు, పక్కన మట్టితో కట్టిన గుండ్రటి గది ఒకటి. దూరంగా సన్నటి గీతలా సముద్రం. గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. తలకి గుడ్డ కట్టుకుని, భుజాల మీద చిన్న దుప్పటి కప్పుకుంది. నన్ను చూసి మోకాళ్లు వంచి, రెండు చేతులూ జోడించి, స్పష్టంగా ఇలా అంది:

"రావే అప్పా. ఏటి తింతావు?"

నాకు నవ్వొచ్చింది. మా శ్రీకాకుళం యాస ఆ దేశంలో, ఆ నోట వింటానని ఎలా అనుకుంటాను? సూర్యం దగ్గర నేర్చుకుంది. వాడు నాతో ఎలా మాట్లాడతాడో అలాగే. ఆమె పేరు నొముసా. దయగల తల్లి అని అర్థమట. ఊళ్లో చిన్నపిల్లల బడిలో వంట చేస్తుంది.

భోజనానికి మొక్కజొన్న పిండిని పొడిపొడిగా వండి, దాని మీద పుల్లటి తోడు పాలు పోసి పెట్టింది. మన గట్టి పెరుగే. ఆకుకూర, ఉడికించిన దుంపలు. అవి అచ్చం చామదుంపలు. పేరేమిటంటే అమదుంబే అంది. మేం కూడా దుంపే అంటామంటే ఆమె నమ్మలేదు. సూర్యాన్ని అడిగి, నిజమేనన్నాక గట్టిగా నవ్వింది.

భోజనాలయ్యాక సూర్యం నన్ను గుండ్రటి గదిలోకి తీసుకెళ్లాడు. తలుపుకి ఎదురుగా, గోడ వారన, నా భుజాల ఎత్తున చుట్టచుట్టిన చాపలు నిలబెట్టి ఉన్నాయి. సన్నటి గడ్డితో నేసినవి, అంచుల్లో రంగు దారాలు.

"ఇవేవిట్రా?"

"మనోల్లయే. ఇది బాబుది. ఇది అమ్మది. ఇది అన్నయ్యది, ఇది ఒదినది. ఇది నీది. అది బావది."

మా వైపు తండ్రిని బాబు అంటాం. అమ్మ, బాబు, మా ఆయన ముగ్గురూ పోయినవాళ్లే.

"గుస్సా అవ్వకప్పా, నాను చెప్పినది విను. ఇక్కడ పెల్లంటే ఇద్దరిది కాదు, రెండిళ్లది. ఆడపిల్లకి ఆవులివ్వాల. అదెప్పుడో అయిపోనాది. మిల్లు దోస్తు ఒకడు మనోల్ల తరపున కూకున్నాడు. ఆఖరి పనొకటి ఉండిపోనాది. ఉమాబో అంతారు. పెల్లికూతురు మగోడి ఇంటోల్లందరికీ చాపలు, దుప్పట్లు ఇవ్వాల. పోయినోల్లకి కూడా ఇవ్వాల. అవి పుచ్చుకోడానికి మనోల్లు ఎవలైనా ఉండాల కదా! దోస్తులు పనికిరారు. నొముసా నేసీసి పెట్టింది, ఎవరూ రాక ఇలగే ఉండిపోనాయి."

"అయితే నన్ను పిలిచింది దీనికా?"

వాడు తల దించుకున్నాడు.

"కాలు బాగోలేదు, దిక్కులేకుండా ఉన్నావని సముద్రం దాటి వచ్చాన్రా. నిన్ను తీసుకెళ్దామని వచ్చాను. అన్నయ్య అదే చెప్పి పంపించాడు. నువ్వు నాతో ఒక్క ముక్కైనా చెప్పకుండా..."

"చెప్తే వచ్చుందువేటి?"

 ఆ మాట ఇంకా కోపం తెప్పించింది. టికెట్టు ముందుకి మార్చమని చెప్పి వెళ్లి పడుకున్నాను.

లోయ అవతలి గోగో

టికెట్టు మారలేదు. ఆ వారమంతా ఖాళీలు లేవన్నారు. మూడోనాడు నొముసా తల్లి కబురుపెట్టింది. లోయకి అవతలి గట్టు మీద ఉంటుంది. అందరూ ఆవిణ్ణి గోగో అంటారు, అంటే అమ్మమ్మ. దిగి ఎక్కేసరికి నా మోకాళ్లు మొరాయించాయి. గోగో ఎండలో చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి, ఊపిరి ఆడటం కష్టంగా ఉంది. పశువుల దొడ్డి పక్కనే రెండు సమాధులు. వాళ్లు చనిపోయినవాళ్లను ఇంటి ఆవరణలోనే పాతిపెడతారు. వాటి పక్కన కోళ్లు తిరుగుతున్నాయి.

ముందు మా ఇంటిపేరు అడిగింది. పొట్నూరు అని చెప్పాను. అది సరిపోలేదు. తాత పేరు, ముత్తాత పేరు, ఊరు అన్నీ అడిగింది. మన పెళ్లిచూపుల్లో గోత్రాలు అడిగినట్టే. చెబుతుంటే ప్రతి పేరుకీ తల ఊపింది. తర్వాత ఏదో అంటే నొముసా ఇంగ్లీషులో చెప్పింది.

"పొట్నూరు పడిపోయిన రోజు మేమంతా పోయిన మా పెద్దవాళ్లకి మొక్కుకున్నాం. ఆయన పెద్దవాళ్లకి ఎవరు చెప్పారు? మీరు మమ్మల్ని ఎరగరు, వాళ్లూ ఎరగరు. ఆ రోజు ఆయన పోయి ఉంటే ఎక్కడ పెట్టాలో మాకు తెలియదు."

ఇంటిపేరుతో పిలవడం అక్కడ గౌరవం. మా వాడు ఆ కొండల్లో సూర్యం కాదు, పొట్నూరు.

 జవాబు చెప్పమని గోగో బలవంతం చేయలేదు. ఇంట్లో కాచిన జొన్న కల్లు కుండతో తెప్పించి, ముందు తను ఒక గుక్క తాగి, రెండు చేతులా నాకిచ్చింది. మన ఝార్ఖండ్‌లో అన్నం పులియబెట్టి చేసే హడియాకి దగ్గర చుట్టం. ఒక గుక్క తాగి, రెండు చేతులతోనే తిరిగిచ్చాను.

గడ్డి కోత

సముద్రం దగ్గర ఎమ్‌టున్జిని అనే ఊరుంది. అక్కడ నది కడలిలో కలిసేచోట రక్షిత అడవి, అడవిలో చిత్తడి నేల. చాపల గడ్డి అక్కడే పెరుగుతుంది. ఇన్సెమా అంటారు. ఏడాదికోసారి, చలి మొదలయ్యే వేళ, కొద్ది రోజులే కోయనిస్తారు. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఆడవాళ్లంతా అక్కడే ఉంటారు. నొముసా వెళ్తూ, ఇంట్లో ఒక్కదానివీ ఏం చేస్తావు, రా అంది.

ఎటు చూసినా గడ్డిలో వంగిన ఆడవాళ్లే. కొడవళ్ల చప్పుడు, పాట, మధ్యమధ్య ఒకరినొకరు ఆటపట్టించుకోవడం. నీటి గట్టున మొసళ్లున్నాయని బోర్డు. దాన్ని ఎవరూ చూడటం లేదు. శ్రీకాకుళంలో మా అత్తగారి ఊరి వైపు తుంగ కోసేది ఇలాగే. ఆ మాట చెప్పబోయి గట్టు మీంచి ఒక అడుగు వేశాను. కాలు మోకాలి దాకా బురదలో దిగిపోయింది. రెండోది కూడా దిగిపోయింది. చీర, చేతులు, అన్నీ బురదే. చెప్పు లోపలే ఉండిపోయింది, ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది.

ఆడవాళ్లు నవ్వారు కానీ నలుగురు పరిగెత్తుకొచ్చి లాగారు. నొముసా నన్ను మోపు మీద కూర్చోబెట్టి, డబ్బాతో నీళ్లు తెచ్చి, నా కాళ్లు కడిగింది. వద్దన్నా వినలేదు. కడుగుతూ తల ఎత్తకుండానే అడిగింది, ఈసారి ఇంగ్లీషులో.

"మీరు ఆయన్ని తీసుకెళ్లడానికి వచ్చారు కదా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. అవునన్నాను.

"తీసుకెళ్లండి. ఆయన వెళ్తానంటే నేను ఆపను. కానీ నా భర్తగా వెళ్లాలి. పని అయిపోయి వెళ్లిపోయిన కూలివాడిలా వద్దు. రేపు నన్ను ఎవరైనా అడిగితే, నా భర్త వాళ్ల ఊరు వెళ్లాడని చెప్పుకోవాలి."

కాళ్లు తుడిచి, తన చెప్పులు విప్పి నాకు తొడిగింది. తను వట్టి కాళ్లతో మళ్లీ గడ్డిలోకి దిగింది. చేసిన దానికి నేనేమనుకుంటున్నానో అని ఒకసారైనా వెనక్కి తిరిగి నా మొహంలోకి చూడలేదు. సాయంత్రం మోపు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా నడిచింది. ఆమె వెనక ఆమె చెప్పులతో నడుస్తూ, టికెట్టు విషయం సూర్యాన్ని ఇంక అడగకూడదనుకున్నాను.

ఫోను పలికే గుట్ట

ఇంటి దగ్గర సిగ్నల్ ఉండదు. వెనక గుట్ట ఎక్కాలి. మర్నాడు సాయంత్రం ఎక్కి, ఒక రాయి మీద కూర్చుని అన్నయ్యకి ఫోన్ చేశాను. చెప్పాల్సిందంతా చెప్పాను. చాపల సంగతి కూడా.

"నా పేరు మీద చాపేటి? నాను అడిగానా?" అన్నాడు.

"వాళ్ల పద్ధతి అన్నయ్యా. ఇంటి పెద్దవు కదా, నీ పేరు లేకపోతే జరగదు."

"ఆడెప్పుడు వత్తన్నాడు? అది చెప్పు."

"రాడు. నేను అడిగి చూశాను. ఇక్కడ బాగానే ఉన్నాడు. ఆమె మంచిది."

అటువైపు కుర్చీ విసురుగా జరిగిన చప్పుడైంది. 

"నువ్వు తినడానికెల్లావేటి, తేడానికెల్లావేటి? ఏటైనా చేసుకో. నా పేరు మటుకు తీసియ్యి. నా చాప ముట్టుకోకు."

ఫోన్ పెట్టేశాడు. గుట్ట దిగడానికి లేవాలంటే ఒళ్లు సహకరించలేదు. చెరకు కాలుస్తున్న పొగ దూరంగా లేస్తోంది. మా ముగ్గురిలో ఇద్దరి మధ్య నిలబడి రాయబారాలు చేయడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ఆ సాయంత్రం మాత్రం ఇంక చాలనిపించింది.

కిందికొచ్చేసరికి సూర్యం పొయ్యి దగ్గర ఉన్నాడు.

"ఏటన్నాడు?"

"ఏదో అన్నాడు. నువ్వు ఉమాబోకి రోజు చూసుకో" అన్నాను.

చాపలు పరిచిన రోజు

శనివారం తెల్లవారేసరికి లోయ అవతల నుంచి పాట మొదలైంది. నొముసా ముందురోజే తల్లి ఇంటికి వెళ్లిపోయింది. ఇప్పుడు తన వాళ్లతో పెళ్లికూతురిలా వస్తోంది. చాపలు, దుప్పట్లు, బుట్టలు, కుండలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు వరసగా లోయ దిగి, మా గట్టు ఎక్కారు. గోగోని ఒక బండిలో రోడ్డు చుట్టూ తిప్పి తీసుకొచ్చారు. మగవాళ్లు మేకను కోశారు. నేను పొద్దున్నే లేచి డర్బన్‌లో కొన్న చింతపండుతో అమదుంబేల పులుసు పెట్టాను. అంతమందికీ తలో గరిటె వచ్చింది. ఒక పెద్దాయన అది సూపనుకుని గ్లాసులో పోయించుకుని తాగి, ఇంకో గ్లాసు అడిగాడు.

మగపెళ్లివారి తరపున ఆ ఆవరణలో కూర్చున్నది నేనొక్కదాన్నే. అవతల నలభై, యాభై మంది.

నొముసా పూసలల్లిన వెడల్పాటి ఎర్ర టోపీ పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. అత్తింటి పెద్దల పేర్లు కోడలు పలకకూడదట. మా అమ్మ కూడా బాబు పేరు ఏనాడూ పలకలేదు. అందుకని నొముసా మేనమామ లేచి పేర్లు పిలిచాడు. మొదట పోయినవాళ్లవి.

"లాచయ్యా పొటినూరూ!"

మా బాబు లచ్చయ్య. ఉక్కు కర్మాగారంలో ఫర్నేసు దగ్గర పనిచేసి, జంషెడ్‌పూర్ భాలుబాసాలో అద్దె గదిలో పోయిన మనిషి. ఆ పేరు ఆ కొండల మీద గట్టిగా వినిపించేసరికి కొంగు సర్దుకుని లేచి నిలబడ్డాను. చాప పరిచారు. ఆ మనిషి వచ్చి దాని మీద పడుకోవాలి. మీద దుప్పటి కప్పి, పెళ్లికూతురి వైపు ఆడపిల్లలు చిన్న కొమ్మలతో సరదాగా కొడతారు. అప్పుడు లేవాలి. పోయినవాళ్ల బదులు ఇంటివాళ్లు పడుకుంటారు. అంటే అన్నింటికీ నేనే. పడుకోవడం, లేవడం, మళ్లీ పడుకోవడం. నా మోకాళ్లతో అది చూసి వాళ్లకి ఒకటే నవ్వు. అమ్మ చాప మీంచి లేచేటప్పుడు ఇద్దరు పట్టుకుని లేపారు.

మూడోది మా ఆయన చాప.

"ఈశ్వరరావూ!" అన్నాడు మేనమామ, ఒక్కొక్క అక్షరం ఊడదీసి.

పడుకున్నాను. దుప్పటి కప్పారు. లోపల చీకటి, ఎండిన గడ్డి వాసన. బయట పాట. కొమ్మలతో రెండు దెబ్బలు వేశారు. నేను లేవలేదు. ఇంకో రెండు వేశారు. పాట తగ్గింది, ఆగిపోయింది. ఎవరో దుప్పటి అంచు ఎత్తబోతే, గోగో గొంతు ఏదో అనడం వినిపించింది. మళ్లీ కప్పేశారు. తర్వాత నొముసా చెప్పింది, "అలిసిపోయిన మనిషి, ఉండనివ్వండి" అందట. నేను ఏడవలేదు. ఊరికే పడుకున్నాను. ఆయన మంచం పక్కన కుర్చీలో కూర్చుని గడిపిన రాత్రుల్లో ఒక్కరోజైనా ఇలా కాళ్లు చాపుకోలేదు. ఎంతసేపో తెలియదు. నాకు నేనే దుప్పటి తీసి లేచాను. అందరూ అలాగే నిలబడి ఉన్నారు. ఒక్కసారిగా ఈలలు, పాట.

ఆ తర్వాత మేనమామ మా అన్నయ్య పేరు పిలిచాడు.

నేను కదలలేదు. సూర్యం వైపు చూశాను. వాడికి అర్థమైపోయింది. కర్ర రెండు చేతులా పట్టుకుని నేల చూస్తున్నాడు. ఇంటి పెద్ద చాప తిరిగి వెళ్లిందంటే ఆ రోజు జరిగిందంతా వట్టిదే. నొముసా తల ఎత్తలేదు కానీ టోపీ పూసలు కదులుతున్నాయి.

ముట్టుకోవద్దన్నాడు. ఎప్పుడైనా అన్నయ్య మాట దాటానా? దాటలేదు. లేచాను. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నడిచి వెళ్లి, ఆ చాప మీద పడుకున్నాను.

ఆ సాయంత్రం జనం పల్చబడ్డాక నేను, సూర్యం ఇంటి వెనక మెట్టు మీద కూర్చున్నాం.

"అన్నయ్య వద్దన్నాడు కదా?"

"అన్నాడు."

కర్రతో నేల గీస్తూ అడిగాడు: "అంటే అప్పా, ఇంక నన్ను తీసుకెల్లడానికి ఎవరూ రారు కదా?"

అదే కదా వాడికి కావలసింది అనుకున్నాను. కానీ ఆ మాట అంటూ వాడు చిన్నపిల్లాడిలా నా భుజం మీద మొహం పెట్టేశాడు. రారని చెప్పాను. అలాగే ఉన్నాం. లోపల నొముసా గిన్నెలు కడుగుతూ ఎవరితోనో నవ్వుతోంది.

కద్మా

అన్ని చాపలూ మోసుకురాలేను కదా. పోయినవాళ్లవి ఆ గుండ్రటి గదిలోనే ఉంచారు, అది వాళ్ల చోటట. నాది, అన్నయ్యది, వదినది తెచ్చాను. హౌరాలో రైలెక్కితే అందరూ వాటిని చూసి ఎంతకి కొన్నారని అడిగారు.

టాటానగర్‌లో దిగిన రెండో రోజు కద్మా వెళ్లాను. అన్నయ్య వరండాలో ఉన్నాడు. చాపలు చూసి మొహం తిప్పుకున్నాడు. ముట్టుకోవద్దంటే ముట్టుకున్నానని చెప్పాను. మా వదిన కాంతమ్మ భయపడి లోపలికి రమ్మని సైగ చేసింది. నేను వెళ్లలేదు. అక్కడే కుర్చీ లాక్కుని, డర్బన్ ముసలమ్మ తలుపు మాట దగ్గర నుంచీ జరిగింది జరిగినట్టు చెప్పాను. బాబు పేరు ఎలా పిలిచారో చెప్పాను. ఆయన వీధి వైపే చూస్తూ కూర్చున్నాడు.  చేతిలో టీ చల్లారిపోయింది.

చెప్పడం అయిపోయింది. సంచి తీసుకుని లేచాను. గేటు గడియ తీస్తుంటే వెనక నుంచి పిలిచాడు.

"వరాలూ!"

ఆగాను.

"ఆ పిల్ల పేరేటన్నావు?"

"నొముసా."

"నోము...?"

"నొముసా, అన్నయ్యా."

పెదాలు కదిపి లోపల్లోపల అనుకున్నాడు. కుదర్లేదు. "మల్లీ చెప్పు" అన్నాడు.